ఇంగ్లండ్ కొండ పల్లెల్లో కార్ల గోల లేని సైకిల్ దారి: వెతకడం నుంచి తొక్కడం దాకా

కొత్తగా రోడ్డు సైకిలు కొన్నవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. ‘రెండు పక్కలా రాతి గోడలు, గొర్రెల మందలు, మనిషి జాడ లేని రోడ్లు ఫొటోల్లో కనిపిస్తాయి. మేం బయలుదేరితే మాత్రం చెవి పక్క నుంచే లారీలు దూసుకుపోతాయి. ఆ ఫొటోల్లోని రోడ్డు ఎక్కడుంది?’

చాలాసార్లు అది వాళ్లు తొక్కిన రోడ్డుకు కిలోమీటరు దూరంలోనే, ఏటికి అవతలి ఒడ్డునో గుట్ట మీదనో ఉంటుంది. లోయ అడుగున చదునుగా సాగే దారిని కార్లు తీసుకున్నాయి, మిట్ట ఎక్కి దిగే దారి మనకు మిగిలింది. నిశ్శబ్దం కావాలంటే ఎక్కక తప్పదు. అందుకే దారి వెతకడానికి ఎంత శ్రద్ధ పెడతామో, గేర్లకూ సమయానికీ అంతే పెట్టాలి.

ఉదాహరణకు ఒకే చుట్టు తీసుకుంటాను. ఉత్తర ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ డేల్స్ అనే కొండలూ లోయల ప్రాంతంలో సెటిల్ అనే చిన్న ఊరి నుంచి బయలుదేరి మళ్లీ అక్కడికే వచ్చే సుమారు 40 కిలోమీటర్ల దారి ఇది. పద్ధతి మాత్రం పీక్ డిస్ట్రిక్ట్‌కూ, ష్రాప్‌షైర్ కొండలకూ, లండన్ దగ్గరి చిల్టర్న్స్‌కూ పనికొస్తుంది.

1. ముందు మ్యాపు చదవండి

ఫోనులో దారి గీసే ముందు ఆర్డ్నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) మ్యాపు తెరవండి. కాగితం మ్యాపు అయినా, వాళ్ల యాప్ అయినా సరే. గులాబీ అట్ట ల్యాండ్‌రేంజర్‌లో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు, నారింజ అట్ట ఎక్స్‌ప్లోరర్‌లో 4 సెంటీమీటర్లు. దారి ఎంచుకోవడానికి మొదటిది చాలు. మలుపుల దగ్గర తేడా రాకూడదనుకుంటే రెండోది చూడాలి.

ఎరుపు లేదా ఆకుపచ్చ గీత ‘ఎ’ రోడ్డు, అంటే పెద్ద రోడ్డు. నారింజ గీత ‘బి’ రోడ్డు, దాని తర్వాతి స్థాయిది. మనకు కావలసినవి పసుపు గీతలు. వాటిలోనూ రెండు రకాలు ఉన్నాయి: లావు గీత 4 మీటర్ల కన్నా వెడల్పైన రోడ్డు, సన్న గీత అంతకన్నా ఇరుకైనది. సన్నని పసుపు గీతే మన గమ్యం.

గీత అంచులను కూడా చూడండి. అంచు నిండుగా ఉంటే రోడ్డు పక్కన గోడో కంచో ఉన్నట్టు. తెగి తెగి చుక్కల్లా ఉంటే ఏ అడ్డూ లేనట్టు, అంటే గొర్రెలు రోడ్డు మీదికి వచ్చి పడుకునే చోటు అన్నమాట.

రోడ్డు గీత మీద బాణం మొన లాంటి గుర్తు ఒకటే ఉంటే వాలు 14 నుంచి 20 శాతం, రెండు ఉంటే 20 శాతం పైన. మొన చూపించేది దిగువ వైపు. దీన్ని తిరగేసి అర్థం చేసుకుని, హాయిగా దిగుతాననుకున్న చోట సైకిలు నెట్టుకుంటూ ఎక్కినవాళ్లు నాకు తెలుసు.

రంగు లేని తెల్ల గీతలతో జాగ్రత్త. అవి పొలం దారులు కావచ్చు, ఎవరి ఇంటి వాకిలికో పోయేవి కావచ్చు. ఒకసారి ఫోను చూపించిందని అలాంటి దారినే పట్టి వెళ్లాను. అర కిలోమీటరు పోయాక తారు పోయి కంకర వచ్చింది, కంకర పోయి పేడ వచ్చింది, చివరికి ఇనుప గేటు. గేటు అవతల బూట్లు కడుక్కుంటున్న రైతు నన్ను ఎగాదిగా చూసి, ‘వారానికి ఒకరు వస్తారు’ అని నవ్వాడు. వెనక్కి తిరిగి ఆ అర కిలోమీటరూ నడిచాను.

సన్న పసుపు గీతలన్నీ నిశ్శబ్దంగా ఉంటాయని కూడా అనుకోవద్దు. రెండు పెద్ద ఊళ్ల మధ్య అడ్డదారిగా పనికొచ్చే ఇరుకు రోడ్డు ఉదయం ఎనిమిదింటికి ‘బి’ రోడ్డు కన్నా ప్రమాదకరం, ఎందుకంటే దాని మీద వచ్చేవాళ్లందరికీ తొందరే. గీత రెండు కొసలూ ఎక్కడ కలుస్తున్నాయో వేలు పెట్టి చూడండి. దాని మీద వెళ్తే కారుకు పది నిమిషాలు కలిసివస్తుందనిపిస్తే ఆ దారి వదిలేయండి. కారు వెళ్తే నష్టమే అనిపించే దారి మనది.

ఇప్పుడు యాప్ తెరవండి. సైకిల్‌స్ట్రీట్స్ ఒకే ప్రయాణానికి వేగంగా పోయే దారి, ప్రశాంతంగా పోయే దారి విడివిడిగా చూపిస్తుంది. సైకిల్ డాట్ ట్రావెల్ కూడా రద్దీ తక్కువ ఉన్న దారికే మొగ్గుతుంది. కొముట్‌లో, రైడ్ విత్ జీపీఎస్‌లో గీసుకుంటే తారు దారా కాదా అన్నది విడిగా చూసుకోవాలి. నేషనల్ సైకిల్ నెట్‌వర్క్ నీలం బోర్డు ఉన్న దారి అయినా అంతే. కొన్ని భాగాల్లో కంకరా మట్టీ ఉంటాయి, సన్న టైర్లకు పనికిరావు.

దారి ఖాయం చేసే ముందు:

- ‘ఎ’ రోడ్డు మీద ఒక్క అడుగైనా ఉందా? ఉంటే ఎంత దూరం? దాటడమా, దాని మీదే వెళ్లడమా?
- రెండు మొనల గుర్తులు ఎన్ని? ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా?
- తెల్ల గీతల మీదుగా పోతోందా?
- అనుమానం ఉన్న కూడళ్లను గూగుల్ స్ట్రీట్ వ్యూ ఫొటోల్లో చూశారా?
- మధ్యలో తిరిగి వచ్చేయడానికి కనీసం ఒక దగ్గరి దారి ఉందా?

2. సెటిల్ చుట్టు: ఒక దారి ఎలా తయారవుతుంది

లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్లే రైలు సెటిల్‌లో ఆగుతుంది. లీడ్స్ నుంచి దాదాపు గంట. ఇక్కడి నుంచి ఉత్తరంగా స్టెయిన్‌ఫోర్త్ చేరాలి. కళ్లెదుట ఉన్నది బి 6479. దూరం తక్కువే, కానీ కొండలెక్కడానికి హోర్టన్ వెళ్లే కార్లన్నీ దాని మీదే.

మ్యాపులో రిబుల్ నదికి పడమటి ఒడ్డు చూడండి. వంతెన దాటగానే కుడి పక్కకు స్టాక్‌హౌస్ మీదుగా లిటిల్ స్టెయిన్‌ఫోర్త్ పోయే సన్న పసుపు గీత కనిపిస్తుంది. అదే మన దారి. చివర్లో అది నిటారుగా నది దగ్గరికి దిగి, ఒకప్పుడు సరుకు గుర్రాలు నడిచిన ఇరుకు రాతి వంతెన దాటి, అంతే నిటారుగా అవతలి ఒడ్డు ఎక్కుతుంది. వంతెన మీద కారు ఉంటే మీరు ఆగాల్సిందే, పక్కకు తప్పుకోవడానికి చోటు లేదు. ఎక్కడానికి ఊపు పనికొస్తుందని దిగేటప్పుడు వేగం పెంచొద్దు.

బి 6479ను దాటి స్టెయిన్‌ఫోర్త్ ఊళ్లోకి, అక్కడి నుంచి హాల్టన్ గిల్ వైపు. ఈ రోజు మొత్తంలో పెద్ద ఎక్కుడు ఇదే. ఊరు వదలగానే మొదలవుతుంది, కాసేపు మాట రానివ్వదు, తర్వాత మెత్తబడి పెన్-ఇ-గెంట్ కొండ పాదం దాకా సాగుతుంది. ఎడమ చేతి వైపు ఆ 694 మీటర్ల కొండ పడుకున్న సింహంలా ఉంటుంది. ఆ పైన గోడలు పోతాయి, గాలి వస్తుంది.

అక్కడి నుంచి హాల్టన్ గిల్‌కు దిగి, లిట్టన్‌డేల్ లోయ వెంట ఆర్న్‌క్లిఫ్ దాకా సుమారు 7 కిలోమీటర్లు. కాళ్లకు విశ్రాంతి ఇక్కడే. ఆర్న్‌క్లిఫ్ నుంచి రెండో ఎక్కుడు: డార్న్‌బ్రూక్ దగ్గర ఎక్కినదాంట్లో కొంత దిగి, మళ్లీ ఎక్కాలి. తెలియకుండా వెళ్తే అక్కడ మనసు విరిగిపోతుంది, తెలిసి వెళ్తే అదొక మామూలు పల్లం. మాలమ్ టార్న్ సరస్సు దగ్గరికి వచ్చాక లాంగ్‌క్లిఫ్ వైపు కుడి దారి పట్టండి. చివర్లో నిటారు దిగుడు, ఆ వెంటనే సెటిల్.

ఈ మధ్యలో దుకాణం దొరుకుతుందని లెక్కలు వేసుకోవద్దు. నీళ్లు సెటిల్‌లోనే నింపుకోండి.

3. దూరం కాదు, ఎక్కుడు లెక్క కట్టండి

‘నలభయ్యే కదా, రెండు గంటల్లో వచ్చేస్తాం’ అన్నది చదును నేల మీది లెక్క. ఈ చుట్టులో ఎక్కుడు మొత్తం 700 మీటర్లకు పైనే.

నేను వాడే లెక్క ఇది: చదును మీద గంటకు 20 కిలోమీటర్లు, ప్రతి 100 మీటర్ల ఎక్కుడుకు 10 నిమిషాలు అదనం. 40 కిలోమీటర్లకు రెండు గంటలు, 700 మీటర్లకు మరో 70 నిమిషాలు. మధ్యలో ఆగడం, ఫొటోలు, ఒక పంక్చరు కలుపుకుంటే నాలుగున్నర గంటలు. మొదటిసారి వెళ్లేవాళ్లు ఐదు అనుకోండి.

మొత్తం ఎక్కుడు ఒకటే చూసి మోసపోవద్దు. 300 మీటర్లు 10 కిలోమీటర్లలో ఎక్కితే సగటు వాలు 3 శాతం, పాట పాడుకుంటూ ఎక్కవచ్చు. అదే 300 మీటర్లు 2 కిలోమీటర్లలో ఎక్కాలంటే 15 శాతం. యాప్‌లో ఎత్తు గీతను పెద్దది చేసి, ఎక్కడ నిటారుగా లేచిందో ఆ కిలోమీటరు నంబరు ఒక చీటీ మీద రాసుకోండి.

4. సైకిలు: అన్నిటికన్నా ముందు గేర్లు

సింగిల్ గేరు సైకిలు మీద పెరిగిన మనకు ఒక అలవాటుంది: ఎక్కుడు రాగానే లేచి నిలబడి బలమంతా పెట్టి తొక్కడం. ఊరి చెరువు కట్టకు అది చాలు. రెండు కిలోమీటర్ల ఎక్కుడుకు మోకాళ్లు ఒప్పుకోవు.

పెడళ్ల దగ్గరి చిన్న పళ్ల చక్రానికి 34 పళ్లు, వెనక అతి పెద్ద పళ్ల చక్రానికి 34 పళ్లు ఉన్నాయనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే సైకిలు వెనక చక్రం ఒక చుట్టు తిరుగుతుంది, సైకిలు సుమారు 2.1 మీటర్లు కదులుతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు ఏడున్నర కిలోమీటర్ల వేగం. వెనక అతి పెద్దది 25 పళ్లదే అయితే, అవే 60 చుట్లకు 10 కిలోమీటర్లు దాటాలి. నిటారు ఎక్కుడు మీద అంత వేగానికి సరిపడే శక్తి మనలో చాలామందికి ఉండదు. అప్పుడు చుట్లు తగ్గుతాయి, మోకాలు మీద భారం పడుతుంది. కాబట్టి వెనక పళ్లు లెక్కపెట్టండి. 30 కన్నా తక్కువ ఉంటే, షాపులో అడిగి పెద్ద క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) వేయించుకోవడం కొత్త సైకిలు కొనడం కన్నా చవక. మీ గేరు మార్చే యంత్రం ఎన్ని పళ్ల దాకా తీసుకోగలదో ముందు కనుక్కోండి.

టైర్లు 28 లేదా 32 మిల్లీమీటర్లవి. గతుకులకూ తడికీ అవి మేలు. గాలి, టైరు పక్కన రాసి ఉన్న హద్దు దాటకూడదు. హద్దు దాకా నింపాలనీ లేదు.

బ్రేకులు: ఇక్కడ అమ్మే సైకిళ్లలో సాధారణంగా కుడి చేతి బ్రేకు ముందు చక్రానిది, మన మోటారు సైకిలు లాగే. వేరే దేశం నుంచి తెచ్చినదైతే తారుమారై ఉండవచ్చు. వాకిట్లోనే నొక్కి చూసుకోండి, కొండ మీద కాదు.

5. వెంట తీసుకెళ్లేవి

- ట్యూబులు రెండు, టైరు విప్పే ప్లాస్టిక్ పుల్లలు, పంపు, చిన్న పనిముట్ల సెట్టు
- వాన ఆగే పల్చని జాకెట్టు. సెటిల్ కన్నా 300 మీటర్లు పైన దాదాపు రెండు డిగ్రీల చలి ఎక్కువ, దిగేటప్పుడు గాలికి ఇంకా ఎక్కువ అనిపిస్తుంది
- నిండు వేలి గ్లోవ్స్. వేళ్లు మొద్దుబారితే బ్రేకు పట్టదు
- ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు, పగలైనా సరే
- ఫోను, అందులో నెట్ లేకపోయినా తెరుచుకునే మ్యాపు, కాగితం మ్యాపు (ఈ ప్రాంతానికి ఎక్స్‌ప్లోరర్ ఓఎల్ 2)
- 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు
- తిండి

తిండి గురించి ఒక మాట. షాపుల్లో అమ్మే జెల్‌లు మింగాల్సిన పని లేదు. పల్లీ చిక్కీ ముక్కలు జేబులో వేసుకుంటే అరగంటకు ఒకటి చొప్పున సరిపోతాయి. చిన్న డబ్బాలో పులిహోర: అన్నం, ఉప్పు, పులుపు, అన్నీ చెమట కోరేవే. మిరపకాయలు మాత్రం ఏరి పారేయండి, ఎక్కుడు మధ్యలో పంటి కింద పడితే నీళ్లన్నీ ఒక్కసారే అయిపోతాయి. ఆకలి వేశాక కాదు, వేయకముందే తినాలి.

6. రోజు, వేళ, గాలి

వారం మధ్యలో సెలవు దొరికితే అంతకన్నా మంచిది లేదు. లేకపోతే ఆదివారం తెల్లవారే బయలుదేరండి. పదకొండు దాటితే ఏ అందమైన లోయలోనైనా కార్లు మొదలవుతాయి. పాఠశాలల సెలవుల్లో వచ్చే శనివారాలు మానుకోండి.

ఇక్కడ గాలి ఎక్కువగా నైరుతి నుంచి వీస్తుంది. సెటిల్ చుట్టును నేను చెప్పిన వరుసలో తొక్కితే స్టెయిన్‌ఫోర్త్ ఎక్కుడులో గాలి వెనక నుంచి తోస్తుంది, ఆర్న్‌క్లిఫ్ నుంచి వచ్చేటప్పుడు మొహాన కొడుతుంది. గాలి గట్టిగా ఉందని సూచన ఉంటే ఆ రెండో సగానికి అరగంట అదనంగా ఉంచుకోండి.

వెలుతురు లెక్క మరవద్దు. జూన్ చివర్లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాకా పొద్దు ఉంటుంది, డిసెంబరులో నాలుగు కాకముందే వాలిపోతుంది.

సెప్టెంబరు వచ్చిందంటే మరో చిక్కు. పక్షులు గూళ్లు పెట్టే కాలమని మార్చి 1 నుంచి ఆగస్టు 31 దాకా పొలాల కంచె పొదలు కత్తిరించకూడదు. ఆ గడువు తీరగానే యంత్రాలు దిగుతాయి, లేన్ల నిండా ముళ్ల పుల్లలు పరుచుకుంటాయి. ఆ నెలల్లో రెండు కాదు, మూడు ట్యూబులు. రాతి గోడల డేల్స్‌లో ఈ బాధ తక్కువ, దక్షిణాది కొండల్లో ఎక్కువ.

రైలులో సైకిలు పెట్టే చోటు కొద్దిగానే ఉంటుంది. నలుగురు కలిసి వెళ్తుంటే ఆ రైలు సంస్థ నియమాలు ముందే చూసుకోండి. దూర ప్రయాణం రైళ్లలో సైకిలుకు విడిగా రిజర్వేషను అవసరం కావచ్చు.

7. ఎక్కేటప్పుడు

1. వాలు మొదలయ్యే ముందే గేరు తగ్గించండి. బలంగా తొక్కుతూ మారిస్తే చెయిన్ పడిపోతుంది.
2. మొదటి ఐదు నిమిషాలు ‘మరీ నెమ్మదిగా పోతున్నానే’ అనిపించాలి. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలిగితే వేగం సరైనదే.
3. కూర్చునే తొక్కండి. వాలు మరీ నిటారైతే సీటు కొస మీదికి జరిగి, మోచేతులు వంచి, బరువు ముందుకు తీసుకురండి.
4. తడి రోడ్డు మీద లేచి నిలబడితే వెనక చక్రం జారుతుంది.
5. దిగి నడవాలనిపిస్తే నడవండి. 20 శాతం వాలు మీద నడిచేవాడికీ తొక్కేవాడికీ వేగంలో తేడా పెద్దగా లేదు.

8. దిగేటప్పుడు

ఎక్కేటప్పటి కన్నా దిగేటప్పుడే ప్రమాదం ఎక్కువ. కాబట్టి ఈ భాగం రెండుసార్లు చదవండి.

ఒక వాహనమే పట్టే దారిలో మీకు ఎంత దూరం కనిపిస్తుందో, అందులో సగం దూరంలో ఆగగలగాలి. మిగతా సగం ఎదురుగా వచ్చే ట్రాక్టరుది. ఈ ఒక్క నియమం పాటిస్తే వేగం దానంతటదే అదుపులోకి వస్తుంది. ఈ దారుల్లో కార్లకు గంటకు 60 మైళ్ల హద్దు అని తెల్ల బిళ్ల మీద నల్ల గీత ఉన్న బోర్డు చెబుతుంటుంది. అది హద్దే, ఆ వేగంతో పొమ్మన్న సలహా కాదు. ఎదుటివాళ్లకు ఆ సంగతి తెలుసన్న భరోసా పెట్టుకోవద్దు.

మలుపు లోపల కాదు, మలుపుకు ముందే బ్రేకు వేయండి. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా పెంచుతూ. హ్యాండిల్ కిందికి వంగిన భాగాన్ని పట్టుకుంటే పట్టు బాగుంటుంది. రిమ్ము పట్టే బ్రేకులైతే వానలో మొదటి క్షణం పట్టవు, నీరు తుడుచుకున్నాక పట్టుకుంటాయి. కాబట్టి ముందు నుంచే తేలిగ్గా తాకిస్తూ రండి.

రోడ్డు నడుమ గడ్డి మొలిచి ఉంటే ఒక చక్రపు జాడలోనే ఉండండి. ఆ గడ్డిని అడ్డంగా దాటడం తడిలో జారుడుబండే. ఏరు రోడ్డు మీదుగా పారే చోట అడుగున పాచి ఉంటుంది. దిగి నడవండి, బూట్లు తడిస్తే ఆరతాయి.

9. దారిలో ఎదురయ్యేవాళ్లు

గొర్రెలు: ఏప్రిల్, మే నెలల్లో పిల్లలు ఉంటాయి. పిల్ల రోడ్డుకు ఒక పక్కా తల్లి ఇంకో పక్కా కనిపిస్తే, మీరు దగ్గరికి రాగానే పిల్ల తల్లి దగ్గరికే పరుగెడుతుంది, సరిగ్గా మీ చక్రం ముందు నుంచి. ఒక గొర్రె కనిపిస్తే దాని కోసం కాదు, రెండో దాని కోసం వెతకండి. రెండూ ఒకే పక్కన ఉంటే సాగిపోవచ్చు.

క్యాటిల్ గ్రిడ్: పశువులు దాటకుండా గొయ్యి మీద అడ్డంగా పరిచిన ఇనుప కడ్డీలు. దూరం నుంచే వేగం తగ్గించుకోండి. కడ్డీల మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు, సీటు మీద నుంచి కాస్త లేచి నిటారుగా దాటండి. వాన పడుతుంటే నడవడమే మేలు.

గేటు: తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, మూసి ఉంటే దాటాక మూయండి.

గుర్రాలు: వెనక నుంచి హఠాత్తుగా గంట కొడితే బెదురుతాయి. దూరం నుంచే ‘హలో’ అని పలకరించండి, రౌతు చెయ్యి ఊపాక కుడి పక్కగా, దూరంగా, నెమ్మదిగా దాటండి.

కార్లు: ఇరుకు దారిలో అంచుకు ఒదిగి తొక్కితే లేని చోటు నుంచి దాటాలని చూస్తారు. నడుమ తొక్కండి. రోడ్డు వెడల్పయిన చోట పక్కకు జరిగి, చెయ్యి ఊపి దారి ఇవ్వండి. గంటకు 30 మైళ్ల లోపు వేగంలో దాటే కారు కనీసం 1.5 మీటర్ల దూరం ఉంచాలని హైవే కోడ్ (బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం) చెబుతుంది. జంటగా పక్కపక్కన తొక్కడానికి అనుమతి ఉంది, కానీ కారు వచ్చినప్పుడు సురక్షితమైన చోట ఒకరి వెనక ఒకరు కావడం మర్యాద.

10. తరచూ జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే తీరు

‘దారి తప్పాను, సిగ్నల్ లేదు.’ లోయల్లో ఇది మామూలే. చివరిసారి చూసిన కూడలికి వెనక్కి వెళ్లండి, ముందుకు కాదు. ఊరి పేర్ల కొయ్య బోర్డు మీది అంకెలు మైళ్లు: 5 అంటే మనకు 8 కిలోమీటర్లు.

‘కాళ్లు వణుకుతున్నాయి, తల తిరుగుతోంది.’ తినలేదు. ఆగి, గోడ చాటున కూర్చుని, తీపి ఏదైనా తిని, పావుగంట ఆగండి. ఆగకుండా తొక్కితే పోదు.

‘ఎక్కుడులో చెయిన్ పడింది.’ పెడలును వెనక్కి తిప్పుతూ చేత్తో ఎక్కించండి. మళ్లీ ఆ వాలు మీదే బయలుదేరలేకపోతే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు దానికి అడ్డంగా సైకిలు తిప్పి ఎక్కండి. పెడలు పట్టు దొరికాక పైకి మలుపు తీసుకోవచ్చు.

‘వెంటవెంటనే రెండు పంక్చర్లు.’ మొదటి ముల్లు టైరులోనే ఉంది. ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేళ్లతో నెమ్మదిగా తడుముతూ పూర్తి చుట్టు రండి.

‘సమయం మించిపోయింది.’ ఆర్న్‌క్లిఫ్ చేరేసరికే అలిసిపోతే రెండో ఎక్కుడు జోలికి పోవద్దు. లిట్టన్‌డేల్ వెంట దిగుతూ పోతే దారి వార్ఫ్‌డేల్‌లో పెద్ద రోడ్డుకు కలుస్తుంది. అక్కడ కార్లు ఉంటాయి, సెటిల్ దూరమవుతుంది, కానీ ఊళ్లూ మనుషులూ ఉంటారు. ఇందుకే కారు ఉన్న స్నేహితుడి నంబరు ఒక చీటీ మీద రాసి ఉంచుకోండి.

‘పడిపోయాను, మాట్లాడే సిగ్నల్ లేదు.’ అత్యవసర నంబరు 999 లేదా 112. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా, వేరే కంపెనీ సిగ్నల్ ఉంటే ఆ కాల్ వెళ్తుంది. 999కు ఎస్సెమ్మెస్ కూడా పంపవచ్చు, కానీ ముందుగా నమోదు చేసుకుని ఉండాలి: ‘రిజిస్టర్’ అన్న మాటను ఇంగ్లీషు అక్షరాల్లో 999కు పంపితే తిరిగి సూచనలు వస్తాయి. సెటిల్ రైలు ఎక్కేలోపే ఆ పని చేసేయండి.